మైకత్తయ్య పళ్లు, కేలండరక్క తేదీలు

కేలండరక్కకి "రేపు" అన్న మాట వింటే ఒళ్లు మండుతుంది. "రేపొస్తానక్కా" అని ఎవరైనా నోరు జారితే చాలు, చేస్తున్న పని పక్కన పడేసి, కళ్లజోడు ముక్కు కొసకి జార్చి, "ఏ రేపు? వారం చెప్పు, తారీఖు చెప్పు. ఎక్కడి గడియారం ప్రకారం రేపో అది కూడా చెప్పు" అని నిలదీస్తుంది. మంచినీళ్ల డబ్బాలు వేసే అతను ఒకసారి అలాగే దొరికిపోయాడు. అప్పటినుంచి అతను ఆ గుమ్మంలో ఆ మాటే ఎత్తడు. డబ్బా దించుతూనే "గురువారమండీ, పొద్దున్నండీ, ఇక్కడి గడియారమేనండీ" అని గడగడా అప్పజెప్పేసి మెట్లు దిగిపోతాడు.

ఈ పట్టింపు ఆవిడకి పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగం అంటించింది. ఆవిడ ఆఫీసంటే ఒక పరుపుల కొట్టు మీద రెండు గదులు. కింద జనం పరుపుల మీద పడుకుని చూసి మరీ కొనుక్కుంటూ ఉంటారు. పైన జనం ఆవలింతలు మింగుకుంటూ ప్రోగ్రాంలు రాస్తూ ఉంటారు. పళ్ల డాక్టర్లకి కావలసిన సాఫ్ట్‌వేర్ చెయ్యడం వాళ్ల వ్యాపారం. ఎవరి పన్ను ఏ రోజు పీకాలి, ఎవరి కట్టుడు పళ్లు ఏ రోజుకి కావాలి, ఇదంతా క్లినిక్కు కౌంటర్లో కొడితే అటు రోగి ఫోనుకీ, ఇటు పళ్లు తయారుచేసే ల్యాబుకీ కబురు వెళ్లిపోతుంది. ఆ కబుర్లలో తేదీ ఉన్న ప్రతిచోటా ఏదో ఒక తగువు. తగువు రాగానే బాసు తన గదిలోంచి తల బయటపెట్టి "అక్కకి పంపండి" అంటాడు. బాసు ఆవిడకంటే వయసులో పెద్దవాడే, అయినా ఆయనకి కూడా అక్కే.

తేదీతో తగువేమిటో ఇంట్లో వాళ్లకి చాలాకాలం బోధపడలేదు. ఆవిడ భర్త ఫర్నిచర్ బిగించే పని చేస్తాడు. కొట్లో మంచం కొన్నవాళ్లింటికి వెళ్లి దాన్ని నిలబెట్టి వస్తాడు. చివరికి ఆవిడ ఆయన పని మీద పెట్టే ఆయనకి చెప్పింది.

"మీరు బిగించిన మంచం ఇరుకు మెట్ల మీదనుంచి పైకి పోతుందా?"

"ఎలా పోతుంది? విప్పాలి."

"విప్పి?"

"పట్టీలు ఒక కట్ట, కాళ్లు ఒక కట్ట. బోల్టులు సంచీలో వేసి సంచీ మీద చీటీ అంటించాలి. పైకెళ్లాక చీటీ చూసుకుని బిగించాలి."

"ప్రోగ్రాంలో తేదీ కూడా బిగించిన మంచమేనండీ. ఇది ఏ వారం అంటే చెప్తుంది, ఇంకో పదిరోజులు కలపమంటే నెల దాటినా తడబడకుండా కలుపుతుంది. కాని ఒక కంప్యూటర్లోంచి ఇంకో కంప్యూటర్లోకి పోవాలంటే మంచం మంచంలాగా పోదు. విప్పి, అక్షరాలుగా పేర్చి పంపాలి. అటుపక్కవాళ్లు మళ్లీ బిగించుకోవాలి."

"మరి చీటీ అంటించకపోతే?"

"అటుపక్కవాళ్లకి నాలుగు కర్రలు కనిపిస్తాయి. ఒకడు బల్ల చేస్తాడు, ఇంకొకడు నిచ్చెన చేస్తాడు. ఆ నిచ్చెన మీద ఎక్కి పడినవాళ్లు మాకు ఫోన్ చేస్తారు."

 చీటీ లేని బోల్టుల సంచీ అన్న ఊహనే ఆయన తట్టుకోలేడు. వాళ్ల ఇంట్లో వంటగది పక్కన ఒక అలమర నిండా ఆయన పొట్లాలే. ఒకదాని మీద "పాత బీరువా కీలు, ఎడమది" అని ఉంటుంది. ఇంకోదాని మీద "దేనిదో తెలియదు, కాని మంచి బోల్టు" అని ఉంటుంది. ఆ ఇంట్లో విరిగిందేదీ గడప దాటదు.

ఇంతకీ అక్క పనిలో అసలు చిక్కు ఇంకొకటి. ఆ తేదీ అనేది ఆఫీసువాళ్లు రాసుకున్నది కాదు, ప్రోగ్రాంలు రాసే భాషతోపాటే వచ్చింది. దాని లోపల చెయ్యి పెట్టి "ప్రయాణమప్పుడు ఇలా సర్దుకోవాలమ్మా" అని నేర్పే వీలు లేదు. గుమ్మం దగ్గర కాపలా కాసి, అది బయటికి పోతుంటే పట్టుకుని, విప్పి చీటీ అంటించి పంపే ఏర్పాటు మనమే చెయ్యాలి. భాషతోపాటు తేదీ వచ్చింది, పెళ్లితోపాటు అత్తగారు వచ్చింది, రెండింటినీ లోపల మార్చలేం, ఏ ఏర్పాటైనా బయటినుంచే చేసుకోవాలి అని అక్క ఆఫీసులో అంటూ ఉండేది. అత్తగారి ముందు ఎప్పుడూ అనలేదు. అత్తగారికి మాత్రం తెలిసే ఉంటుంది, ఆవిడకి తెలియనిది లేదు.

ఆ అత్తగారిని అందరూ మైకత్తయ్య అంటారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ బస్‌స్టాండులో మైకు ముందు కూర్చుని బస్సులు పిలిచింది. ఏ బస్సు ఎన్నో నంబరు ప్లాట్‌ఫాం మీద ఉందో ఆవిడ చెప్తే నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి సరైన బస్సు ఎక్కేవాళ్లట. రిటైరైన రోజున తోటివాళ్లు మైకు పక్కన ఉండే మూడు రేకుల గంటని ఊడదీసి ఆవిడకే ఇచ్చేశారు. ఇంట్లో ఏం చెప్పాలన్నా ముందు అది మోగాల్సిందే. టింగ్ టాంగ్ టింగ్. "భోజనానికి రావలసిన వారందరికీ గమనిక. అన్నం చల్లారుచున్నది. అన్నం చల్లారుచున్నది." కొడుక్కి అది వినందే ఆకలి వెయ్యదు.

అలాంటి ఇంట్లో ఒక ఆదివారం ఆ గొంతు మూగబోయింది. మైకత్తయ్య టీ మరీ వేడిగా ఉందని పై వరస కట్టుడు పళ్లు తీసి, పక్కనున్న కుర్చీలో పెట్టింది. ఆ కుర్చీ కొడుకు అప్పుడే బిగించింది. బిగించిన ప్రతి కుర్చీలోనూ ఒకసారి కూర్చుని చూడడం ఆయన నియమం. వెనక్కి తిరిగి కూర్చున్నాడు. ఫట్ మంది. ముందు కుర్చీ విరిగిందనుకుని తన పనితనం మీద అనుమానపడ్డాడు పాపం.

మైకత్తయ్య ఉన్న పళ్లతోనే, గాలి బుస్సుమంటూ, రెండే ముక్కలు చెప్పింది. "నువ్వు కూర్చున్న పళ్లు నా నోట్లో పెట్టుకోను. అవతల పారెయ్." అంతే, తరవాత మాట్లాడ్డం మానేసింది. పై పళ్లు లేకపోతే "స"లూ "శ"లూ ఈలలైపోతున్నాయి. గొంతుతో బతికిన మనిషి, ఈలలేస్తూ మాట్లాడటానికి మనసొప్పలేదు. ఏం కావాలన్నా గంట కొట్టి చేత్తో చూపించేది. ఇల్లు బోసిపోయింది. కోడలికి అత్తగారి సతాయింపు లేకపోతే హాయిగా ఉంటుందనుకుంటాం కాని, మూడోరోజుకే అక్కకి ఏడుపొచ్చినంత పనైంది.

సరిగ్గా అప్పుడే బస్‌స్టాండు మేనేజరు ఇంటికొచ్చాడు. కొత్త బస్‌స్టాండు కట్టారట, శుక్రవారం పొద్దున్న తెరుస్తారట. "మొదటి బస్సు మీరే పిలవాలమ్మా. మిషను గొంతు పెట్టాం కాని, పాత డ్రైవర్లు ఒప్పుకోవట్లేదు. మొదటి రోజైనా మీ గొంతే వినిపించాలంటున్నారు" అన్నాడు. మైకత్తయ్య కళ్లు మెరిశాయి. గంట అందుకుని మూడు రేకులూ ఒకేసారి మోగించింది. ఒప్పుకున్నట్టేనని అక్క అర్థం చెప్పింది. ఆ సాయంత్రం ఆవిడ అద్దం ముందు చెవి మీద చెయ్యి పెట్టుకుని, పెదవులు మాత్రం కదిలిస్తూ, చప్పుడు లేకుండా బస్సులు పిలుచుకుంటూ ఉంటే అక్క తలుపు దగ్గర ఆగిపోయింది. ఈ ముసలమ్మకి ఆ పళ్లు గురువారానికల్లా వచ్చి తీరాలి అనుకుంది. పళ్ల డాక్టరు కూడా గురువారం సాయంత్రం ఇస్తానన్నాడు. డాక్టరు వాడేది అక్కవాళ్ల సాఫ్ట్‌వేరే. ఇంకేం భయం?

మేనేజరు రావడానికి ముందురోజు, అంటే సోమవారం, అక్క ఆఫీసుకి ఒక ఫోనొచ్చింది. కొత్తగా క్లినిక్కు పెట్టిన డాక్టరమ్మ. బాసు ఫోను స్పీకర్లో పెట్టాడు.

"ఏమండీ, మీ మెసేజీ చూసుకుని నా రోగులందరూ ఒకరోజు ముందే దిగిపోతున్నారు. నిన్న ఆదివారం, నేను తలకి రంగేసుకుని కూర్చుంటే, ఇద్దరు దవడలు పట్టుకుని తలుపు బాదారు. నన్ను చూసి వాళ్లు జడుసుకున్నారు, వాళ్లని చూసి నేను జడుసుకున్నాను."

"అక్కకి పంపండి" అన్నాడు బాసు, పక్కనే అక్క ఉందన్న సంగతి మరచిపోయి.

అక్క పాత ప్రోగ్రాం తిరగేసింది. రాసినవాడు ఉద్యోగం మానేసి ఎప్పుడో వెళ్లిపోయాడు. వాడు చేసిన నిర్వాకం ఏమిటంటే, తేదీని విప్పేటప్పుడు దాన్ని అర్ధరాత్రి అనుకుని, ఎక్కడో దూరదేశపు గడియారంలోకి మార్చాడు. మనకి అర్ధరాత్రి దాటి గురువారం పుట్టేసరికి అక్కడింకా బుధవారం సాయంత్రం, వాళ్లు టీ తాగుతూ ఉంటారు. ఆపైన గడియారం ముక్క కోసేసి రోజు మాత్రం పంపాడు. దాంతో ఇక్కడ గురువారంగా బయల్దేరింది కాస్తా రోగి ఫోనుకి బుధవారంగా చేరుతోంది. పంటి నొప్పికి ఏ గడియారం కావాలి? రోజు చాలు.

ఇలాంటి తప్పు దొరికితే అక్కకి పండగే. గుమ్మంలో కొత్త కాపలా పెట్టింది. ఇకనుంచి తేదీ బయటికి పోతుంటే సంవత్సరం, నెల, రోజు అని మూడే ముక్కలుగా విప్పి, "ఇది తేదీ, గడియారంతో పని లేదు" అని చీటీ అంటించి పంపుతుంది. అటుపక్క చీటీ చూసి మళ్లీ తేదీగా బిగిస్తుంది. నెలాఖర్లు వేసి చూసింది, ఏడాది చివరిరోజు వేసి చూసింది, నాలుగేళ్లకోసారి వచ్చే ఆ వెర్రి ఫిబ్రవరి వేసి చూసింది. ఎక్కడా వెంట్రుకవాసి తేడా రాలేదు. మంగళవారం మధ్యాహ్నానికి క్లినిక్కులన్నిటికీ పంపేసింది. బాసు బిస్కట్లు తెప్పించాడు.

"అక్కా, ఒక్క సందేహం. మిగతా క్లినిక్కులవాళ్లు ఇన్నేళ్లూ మనల్ని ఎందుకడగలేదు?" అన్నాడు బాసు.

"చూసుకుని ఉండరులెండి" అంది అక్క, బిస్కట్టు నములుతూ. ఆ ప్రశ్న దగ్గర కాస్త ఆగి ఉంటే ఇంత కథ నడిచేది కాదు. కాని బిస్కట్టు బాగుంది, బాసు ఇంకోటి ఇచ్చాడు, అక్క ఆగలేదు.

గురువారం పొద్దున్న అక్క జడ వేసుకుంటుంటే హాల్లో గంట మోగింది. మైకత్తయ్య ఫోను ముందుకి చాపింది. క్లినిక్కు నుంచి మెసేజీ. "మీ కట్టుడు పళ్లు శుక్రవారం సాయంత్రం ఇవ్వబడును." బస్‌స్టాండు తెరిచేది శుక్రవారం పొద్దున్న.

అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. "చూశారా అత్తయ్యా! వాళ్లు కౌంటర్లో తప్పు కొట్టి ఉంటారు. మా సాఫ్ట్‌వేర్ అయితే మొన్ననే కడిగిన ముత్యంలా చేశాను. ఉండండి, వెళ్లి నాలుగు దులిపి వస్తాను."

మైకత్తయ్య కోడలి మొహం వైపు ఒక్క క్షణం చూసి, గంటలో చిన్న రేకుని ఒక్కసారి తట్టింది. టింగ్. అందులో నమ్మకం ఏమాత్రం లేదు.

క్లినిక్కులో అడుగుపెట్టగానే అక్కకి ఏదో తేడాగా తోచింది. మామూలుగా ఆ సమయానికి కూర్చోడానికి చోటుండదు. ఇప్పుడు కుర్చీలన్నీ ఖాళీ. లోపల పళ్ల డాక్టరు రోగులు పడుకునే కుర్చీలో తనే పడుకుని, మీద దీపం వేసుకుని పేపరు చదువుకుంటున్నాడు. కౌంటర్లో పిన్ని కూర్చుని ఉంది. ఆవిడ ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు, డాక్టరు కూడా పిన్నీ అనే పిలుస్తాడు.

"పిన్నిగారూ, మా అత్తయ్య పళ్లు గురువారానికి కదా. శుక్రవారమని ఎందుకు కొట్టారు?"

"గురువారానికి కావాలంటే శుక్రవారమనేగా కొట్టాలి?" అంది పిన్ని నిదానంగా.

"గురువారానికి కావాలంటే గురువారమని కొట్టాలండీ!"

పిన్ని అక్క వైపు జాలిగా చూసింది. "నీకు తెలీదులేమ్మా. మీ మిషను ఒక రోజు మింగుతుంది. నేను చేరినప్పటినుంచీ అంతే. దాని ఆకలి దానిది. అందుకని నేను ఒక రోజు ఎక్కువ వేస్తాను. అది ఒకటి మింగుతుంది. అవతలికి సరిగ్గా చేరుతుంది. ఇద్దరికీ సర్దుబాటైపోయింది."

అక్క కౌంటరు మీదకి వంగింది. "ఈ సంగతి ఎవరికైనా చెప్పారా?"

"ఎందుకు చెప్పలేదూ? అన్ని క్లినిక్కుల్లోనూ కౌంటర్లవాళ్లకి నేనే నేర్పాను. మా అందరికీ ఫోన్లో గ్రూపుంది. మొన్న కొత్తగా పెట్టిందే, ఆ డాక్టరమ్మ దగ్గరి పిల్ల ఇంకా గ్రూపులో చేరలేదు."

"మాకు చెప్పారా అని అడుగుతున్నాను!"

"మీకెందుకు చెప్పడం? మీ మిషను సంగతి మీకు తెలీదా?" అంది పిన్ని ఆశ్చర్యపోతూ.

అక్క ఖాళీ కుర్చీలో కూలబడింది. అన్నాళ్లూ తప్పు తిన్నగా నడిచింది. తను మిషనుకి ఆకలి లేకుండా చేసింది, ఈ సంగతి తెలియని కౌంటర్లన్నీ ఇంకా దానికి రోజుకో రోజు వడ్డిస్తూనే ఉన్నాయి. ఊళ్లో పంటి నొప్పి ఉన్న ప్రతివాడికీ నొప్పి ఒకరోజు ఎక్కువైంది. లోపల్నుంచి డాక్టరు పేపరు మడుస్తూ, "ఇవాళ ఎవరూ రాలేదేమిటా అనుకుంటున్నాను. అందరి పళ్లూ బాగైపోయాయేమోనని భయమేసింది" అన్నాడు.

బాసుకి ఫోన్ చేస్తే ఆయన హడలిపోయాడు. "తీసెయ్యండక్కా, పాతదే పెట్టెయ్యండి. మళ్లీ మింగనివ్వండి. అందరం సుఖంగా ఉందాం."

ఒక్క క్షణం అక్కకి కూడా అదే మేలనిపించింది. ఇంతలో రంగేసుకుని తలుపు తీసిన డాక్టరమ్మ గుర్తొచ్చింది. "వద్దండీ. ఇకముందు ఎన్ని క్లినిక్కులొచ్చినా అందర్నీ పిన్నిగారి గ్రూపులో చేరుస్తామా? ఇదివరకే కొట్టినవాటికి ఆఫీసుకొచ్చి నేనే ఒకటి తగ్గిస్తాను, డాక్టరమ్మవి తప్ప. ఇకమీద కొట్టేవి మాత్రం వాళ్లు మానుకోవాలి."

"నేర్పింది నేను, మాన్పించేదీ నేనే" అంది పిన్ని, ఏమాత్రం నొచ్చుకోకుండా. ఫోను తీసి గ్రూపులో ఇలా పెట్టింది. "మిషనుకి ఆకలి చచ్చింది. ఇకనుంచి ఉన్న రోజే వెయ్యండి." వెంటనే ఒకరు అడిగారు, ఒంట్లో బాగోలేదా అని.

అదంతా సరే, ముసలమ్మ పళ్ల మాటేమిటి? అక్క వెనక వీధిలో ల్యాబుకి పరిగెత్తింది. పళ్ల మేస్త్రి చిన్న పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. చుట్టూ బల్లల మీద పళ్ల వరసలు, అన్నీ నవ్వుతూ.

"శుక్రవారం సాయంత్రానికని రాశారమ్మా. ఇప్పుడే అచ్చులో పెట్టాను" అన్నాడు మేస్త్రి. "ఇది ఉడకాలి. ఉడికాక తనంతట తను చల్లారాలి. తొందరపెడితే లోపల బుడగలొస్తాయి. నెల తిరక్కుండా పగులుతాయి."

"రేపు పొద్దున్నకి అవ్వదా?" అంది అక్క. ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. ఆ కంగారులో ఆవిడకే తెలియలేదు.

"మధ్యాహ్నం దాటాల్సిందే. పోనీ పాత పళ్లేమయ్యాయి?"

"విరిగాయి. మా ఆయన వాటి మీద కూర్చున్నారు."

"తిన్నగా విరిగితే గంటలో అతికిస్తాను. కాని ముక్కలన్నీ ఉండాలి. చిన్న పెచ్చు పోయినా కుదరదు."

అక్క నీరుకారిపోయింది. అవతల పారెయ్యమని అత్తయ్య అందరి ముందూ చెప్పింది. ఆవిడ మాట ఆ ఇంట్లో జవదాటిన వాళ్లు లేరు. ఏ మూలో ఆశ పెట్టుకుని భర్తకి ఫోన్ చేసింది.

"ఏమండీ, అత్తయ్య పాత పళ్లు పారేశారా?"

అటుపక్క సుత్తి చప్పుడు ఆగింది.  "అమ్మకి చెప్పనంటే చెప్తాను" అన్నాడాయన.

ఆయన పని మధ్యలో వదిలేసి, ఇంటికెళ్లి, అలమరలోంచి పొట్లం తీసుకుని రొప్పుతూ వచ్చాడు. పొట్లం మీద చీటీ. "అమ్మ పళ్లు. పై వరస. కుడి ముక్క ఒకటి, ఎడమ ముక్క ఒకటి, పెచ్చు ఒకటి. ఈ వైపు పైకి." మేస్త్రి చదివి, విప్పి, రెండు ముక్కలూ కలిపి దీపం దగ్గర పెట్టి చూశాడు. గీత కనపడలేదు. "ఇంత పద్ధతిగా విరిగిన పళ్లు నా దగ్గరికి ఎప్పుడూ రాలేదండీ" అన్నాడు. అక్క ఆ చీటీ వైపు చూసి, తన మొగుడి వైపు చూసి, ల్యాబులో అన్ని పళ్ల సాక్షిగా ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన సిగ్గుపడి జేబులో బోల్టులు లెక్కపెట్టుకున్నాడు.

అతికించడం గంట పని. పెట్టుకోడానికి ఒప్పించడం ఎంతసేపో ఎవరికి తెలుసు? ఆఫీసులో తారీఖులన్నీ సరిచేసి, సాయంత్రం అక్క పళ్లని శుభ్రమైన గిన్నెలో పెట్టి అత్తగారి ముందుంచింది.

"అత్తయ్యా, తప్పు క్లినిక్కుది కాదు, నాది. బాగుచేశాననుకుని చెడగొట్టాను. ఎందుకిన్నాళ్లూ బాగుందో అడగలేదు. కొత్తవి మీ సమయానికి రావు. ఇవి పాతవే. మీరు పారెయ్యమన్నవే."

మైకత్తయ్య పళ్ల వైపు చూసింది. కొడుకు వైపు చూసింది. కొడుకు గోడ వైపు చూశాడు. ఆవిడ గంట అందుకుని ఒకసారి కొట్టి, కుళాయి వైపు వేలు చూపించింది. ఆయన వెళ్లి కడిగి తెచ్చాడు. మళ్లీ గంట, మళ్లీ కుళాయి. వేడినీళ్లు, సబ్బు, మళ్లీ వేడినీళ్లు. చివరికి ఆయన చేతులు నాని ముడతలు పడ్డాక గిన్నె ముందుకి లాక్కుని, మొహం అవతలికి తిప్పుకుని పళ్లు పెట్టుకుంది. నాలికతో ఆ చివరనుంచి ఈ చివరికి తడిమి చూసుకుంది. 

టింగ్ టాంగ్ టింగ్. "ఈ ఇంట కూర్చొను వారందరికీ గమనిక. ఇకమీదట చూసి కూర్చొనవలెను. చూసి కూర్చొనవలెను."

కొడుకు అక్కడే చతికిలబడి నవ్వాడు, ముందు నేల చూసుకుని మరీ. తన వంతు ఏమిటా అని అక్క బిక్కమొహం వేసుకుని నిలబడింది. "నీ సంగతి రేపు చెప్తాను" అంది అత్తగారు. ఏ రేపు అని అక్క అడగలేదు.

శుక్రవారం పొద్దున్న కొత్త బస్‌స్టాండు రంగు వాసన వేస్తోంది. మేనేజరు రిబ్బను కత్తిరించాడు. అద్దాల గదిలో మైకత్తయ్య తన గంట పక్కన పెట్టుకుని కూర్చుంది. బయట అక్క భర్త చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది. అతికించిన చోట మళ్లీ ఊడితే, ఇంతమంది ముందు ఈల వస్తే, ఆవిడ ఇక జన్మలో నోరు విప్పదు. మొదటి బస్సు డ్రైవరు, జుట్టు నెరిసినవాడు, ఇంజను ఆపేసి మరీ చెవులు రిక్కించాడు.

టింగ్ టాంగ్ టింగ్.

"ప్రయాణికులకు గమనిక. ఈ రోజు శుక్రవారం. ఇక్కడి గడియారం ప్రకారమే శుక్రవారం. గురువారము కాదు, శనివారము కాదు, శుక్రవారం. ఈ విషయమై ఏ ఇంటి కోడలికైనను సందేహమున్నచో విచారణ కిటికీ వద్దకు రావలెను."

బస్‌స్టాండంతా గొల్లుమంది. ఎవరి కోడలో తెలియకుండానే జనం చుట్టూ చూశారు. ఆ తరవాత మొదటి బస్సు పిలుపు వచ్చింది. అదే గొంతు, ఎక్కడా వణకలేదు, ఎక్కడా గాలి పోలేదు. నెరిసిన జుట్టు డ్రైవరు హారను మీద చెయ్యి పెట్టి తియ్యకుండా మోగించాడు. అక్క నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

పిలిచారు కాబట్టి వెళ్లాలి. అక్క విచారణ కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. మైకత్తయ్య మైకు ఆపి, కిటికీ అద్దం జరిపి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"అమ్మాయ్, శుక్రవారం సరిగ్గా వినిపించిందా? ఆ మొదటి అక్షరం దగ్గరే నాకు భయం. అందుకే అన్నిసార్లు అన్నాను."

"అన్నిసార్లూ వినిపించింది అత్తయ్యా. ఈల లేదు, ఏం లేదు."

మైకత్తయ్య తల ఊపింది. పళ్లు ఓసారి నాలికతో సర్దుకుంది. "మేనేజరు మళ్లీ రమ్మంటున్నాడు. శనివారం. పొద్దున్నే. ఇక్కడి గడియారమేనట, కనుక్కున్నాను" అంది. అక్క ఏదో అనేలోపే అద్దం మూసేసి, రెండో బస్సుకి గంట అందుకుంది.